గోతంలో తెచ్చిన రాళ్ళు

నా భార్య పోయి ఇవాళ్టికి ఇరవై నాలుగు రోజులు. ఆ రోజు ఎలా గడిచిందో ముందు ఉన్నదున్నట్టు రాస్తాను. ఆమె ఏదైనా అలాగే రాసేది.

మంగళవారం. ఐదున్నరకు లేచింది. కాఫీ కలిపింది. ఎడమ భుజం లాగుతోందంది. నేను పేపర్లోంచి తల ఎత్తకుండా, "అడ్డంగా పడుకుని ఉంటావు" అన్నాను. "అయ్యుండొచ్చు" అంది. ఏడు గంటలకు దోసెలు పోసింది. నాకు మూడు, తనకు ఒకటి. ఒకటే ఎందుకని నేను అడగలేదు. ఎనిమిదింబావుకు చీర కట్టుకుని, కాలేజీ కార్డు మెడలో వేసుకుని, చెప్పులు తొడుక్కోబోయి కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఏవండీ, ఆటో పిలవండి" అంది. "కాలేజీకి కాదు."

ఆటోలో నుదుటి చెమట తుడుచుకుంటూ, "ఫస్ట్ అవర్ నాకు క్లాసుంది. ఇంకెవరినైనా వెళ్ళమని ఫోన్ చెయ్యండి" అంది. చేశాను. ఫోను పెట్టేసేసరికి ఆసుపత్రి వచ్చింది. స్ట్రెచర్ మీద పడుకోబెడుతుంటే, "చెప్పారా?" అని అడిగింది. "చెప్పాను" అన్నాను. ఆ తర్వాత మాట లేదు. తొమ్మిదీ నలభైకి డాక్టరు బయటికి వచ్చి గుండె ఆగిపోయిందని చెప్పారు. ఒంగోలులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి మధ్యాహ్నానికి చేరింది. మర్నాడు సాయంత్రం సమాధి చేశాం.

కాలేజీ సంచికలో వేయడానికి మేడమ్ గురించి రెండు పేజీలు రాసివ్వమని ప్రిన్సిపాల్‌గారు అడిగారు. నేను రచయితను కాను. మార్టూరులో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి రెండేళ్ళ కిందట రిటైరైనవాణ్ణి. అయినా రాయడానికి కూర్చున్నాను. ఆ రెండు పేజీలు మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఒక విషయం దగ్గరికి వచ్చి, దాన్ని తప్పించుకుని పక్కనుంచి వెళ్ళిపోయాను. ఇది నాలుగోసారి. ఈసారి తప్పించుకోను. రెండు పేజీలు దాటితే క్షమించండి.

ఆమె ఫార్మకాలజీ చెప్పేది. మందు ఒంట్లోకి వెళ్ళాక అక్కడ ఏం చేస్తుందో తెలిపే చదువు అది. మా వీధిలో వాళ్ళకు మాత్రం ఆమె ఎలకల మేడమ్. "ఎలకల మేడంగారూ, దొండకాయలు లేతగా ఉన్నాయి" అని కూరల బండి ఆవిడ గుమ్మం ముందు కేకేసేది. కింది వాటాలో ఉండే పెద్దాయన, "మేడంగారూ, మా స్టోరు రూములో నాలుగున్నాయి. జీతం లేకుండా వస్తాయి, పట్టుకుపోండి" అనేవాడు. "మీవి పనికిరావండీ. వాటికి క్రమశిక్షణ లేదు. మావి బెల్లు కొట్టకుండానే టైముకి లేస్తాయి" అనేది ఈవిడ. ఆ మాటకి ఆయన ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేవాడు.

ప్రయోగం ఉన్న రోజుల్లో ఆమె తలకు నూనె రాసుకునేది కాదు. పూలు లేవు, పౌడరు లేదు, వాసన సబ్బు లేదు. ఎలుకకు కంటికన్నా ముక్కు ముందు. ఒకసారి ఇలాగే మూడు వారాలు ఉంటే, చర్చిలో ఒక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి, "ఏంటయ్యా, పిల్ల అట్టా వాడిపోయింది? ఇంట్లో అంతా బాగేనా?" అని అడిగింది. "ఎలకలకి నూనె వాసన పడదండీ" అన్నాను. "ఎలకలకా?" అని నా వంక ఒకలా చూసి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక ఈ సంగతి చెబితే నా భార్య గోడకు ఆనుకుని నవ్వింది. నవ్వితే ఆమెకు దగ్గు వచ్చేది.

ఏ ఎలుకనైనా పరీక్షించే ముందు వారం రోజులపాటు రోజుకు ఐదు నిమిషాలు చేతిలో పెట్టుకుని కూర్చునేది. తొందరపడే విద్యార్థులకు, "చేతికి అలవాటు పడని ఎలకని పెట్టెలో వదిలితే మీరు కొలిచేది దాని భయాన్ని. జ్ఞాపకాన్ని కాదు" అని చెప్పేది. ఆమె దగ్గర నేను విన్న మాటల్లో ఇది ఒకటి. ఇంకోటి: "ఎలక అబద్ధం చెప్పదు. మనం అడిగిన తీరులోనే తప్పుంటుంది."

ఆమెను ఈ దారిలో పెట్టింది మా అమ్మ. నాన్న పోయాక అమ్మను గుంటూరులో మా ఇంటికి తెచ్చుకున్నాం. కొన్ని నెలల్లోనే మాట తగ్గిపోయింది. వీధి వైపు కుర్చీలో కూర్చుని, వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ ఒకేలా చూసేది. పక్కింటివాళ్ళనూ అంతే, కూరలమ్మేవాళ్ళనూ అంతే. నేను వయసు అనుకున్నాను, మతిమరుపు అనుకున్నాను. ఉద్యోగం మార్టూరులో కాబట్టి నేను ఇంట్లో ఉండేది శనివారం సాయంత్రం నుంచి సోమవారం తెల్లవారే దాకా. అంతకన్నా ఎక్కువ అనుకోవడానికి నాకు తీరిక లేదు.

నా భార్య ఒప్పుకోలేదు. ఇంట్లో ఒకే రకం స్టీలు గ్లాసులు రెండుండేవి. అమ్మకు ఒకదాంట్లో కాఫీ, ఒకదాంట్లో నీళ్ళు. ఒకరోజు వాటిలో ఒకటి తీసేసి, పూలగీతలున్న కొత్త గ్లాసు పెట్టింది. అమ్మ ఏమీ అనలేదు. వారమైనా అనలేదు. అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇది దిగులు అన్నారాయన. మాత్రలు రాశారు. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు పంపడానికి వాడే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటనీ, ఆ మాత్రలు దాన్ని కాస్త ఎక్కువసేపు నిలిపి ఉంచుతాయనీ నా భార్య నాకు చెప్పింది. నేను తల ఊపాను.

రెండు నెలలు దాటాక ఒక ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. వసారాలోంచి అమ్మ గొంతు వినబడింది.

"ఏమే, ఈ గ్లాసు మనది కాదే. ఎవరింట్లోంచి తెచ్చావ్?"

వంటింట్లోంచి నా భార్య చేతులు కూడా తుడుచుకోకుండా పరుగెత్తింది. "మనదే అత్తయ్యా. కొత్తది."

"కొత్తదైతే చెప్పొద్దూ? దొంగతనం అంటగడతారు."

ఆ సాయంత్రం నా భార్య నాతో అంది: "గుర్తుపట్టడం పోలేదండీ. అడుగున ఎక్కడో పడి ఉందంతే." మళ్ళీ తనే, "మందు వల్లో, రోజులు గడిచి దిగులు తగ్గడం వల్లో చెప్పలేను. ఒక్క మనిషితో ఏదీ తేలదు" అంది. అమ్మ ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. అందరినీ గుర్తుపడుతూ, అందరినీ తిడుతూ బతికింది. ఆ మూడేళ్ళూ నా భార్య ఇచ్చినవే అని నేను నమ్ముతాను. ఆమె మాత్రం నమ్మకం చాలదంది. నలభై నాలుగో ఏట పీహెచ్‌డీకి చేరింది. సెరటోనిన్ కొంచెం తగ్గితే గుర్తుపట్టే శక్తి తగ్గుతుందా? ఆమె ప్రశ్న అదొక్కటే.

దాన్ని పరీక్షించే పద్ధతి నాలాంటివాడికి కూడా అర్థమయ్యేంత సులువు. పెట్టెలో ఒకేలాంటి వస్తువులు రెండు పెడతారు. ఎలుకను వదిలితే రెండిటినీ వాసన చూసి తిరుగుతుంది. బయటికి తీసేస్తారు. గంట తర్వాత మళ్ళీ వదులుతారు. ఈసారి ఒకటి పాతది, ఒకటి కొత్తది. పాతది గుర్తుంటే ఎలుక దాన్ని వదిలేసి కొత్తదాని చుట్టూ తిరుగుతుంది. గుర్తు లేకపోతే దానికి రెండూ కొత్తవే, రెండిటి దగ్గరా సమానంగా ఉంటుంది. ఎక్కడ ఎంతసేపు ఉందో స్టాప్‌వాచ్‌తో చూసుకోవాలి. మెదడులో సెరటోనిన్ తయారు కాకుండా కొంత అడ్డుకునే మందు సగం ఎలుకలకు ఇస్తారు. మిగతా సగానికి ఉత్త ఉప్పునీళ్ళు.

చిక్కల్లా ఆ వస్తువుల దగ్గర వచ్చింది. ప్లాస్టిక్ బొమ్మలు పెడితే కొరికేశాయి. గాజు సీసాలు పెడితే దొర్లించాయి. కొరకడానికి వీల్లేనిది, కదలనిది, కడిగితే వాసన పోయేది కావాలంది. "నువ్వు గ్రానైటువాడి పెళ్ళానివి" అన్నాను. ఆమె చదువులో నేను చొరవగా అన్న మాట అదొక్కటేనేమో. ఆమె కళ్ళు వెలిగాయి.

మా యూనిట్‌లో పాలిషింగ్ మేస్త్రి మార్టూరు మనిషి. ముక్క చేతికిస్తే ఏ క్వారీదో చెప్పేవాడు. కొలతలు చూపిస్తే, "ఇవేంటి మేనేజరుగారూ, కాగితాల మీద పెట్టుకోడానికా?" అన్నాడు.

"కాదు భాయ్, ఎలకలకి."

"ఎలకలకా!" మిషను ఆపేశాడు. "సమాధి రాళ్ళా సార్? పేర్లు కూడా చెక్కమంటారా?"

నలుచదరపువి ఆరు, గుండ్రటివి ఆరు కావాలి. పిడికిలంత ఎత్తు. పక్కలూ పైనా నున్నగా, అడుగు మాత్రం గరుగ్గా. అడుగు నున్నగా ఉంటే పెట్టెలో జారతాయంది. రాళ్ళు చుట్టి తేవడానికి తెల్లటి కోరా గుడ్డ నీళ్ళలో మరగబెట్టి, ఆరేసి, మడతపెట్టి ఇచ్చింది. "ఇందులో తప్ప దేంట్లోనూ పెట్టొద్దండీ" అంది. నలుచదరపువి ముందు తయారయ్యాయి. ఆ గుడ్డలోనే తెచ్చాను. గుడ్డ మళ్ళీ ఉతికి, మరగబెట్టి ఇచ్చింది.

గుండ్రటివి తయారయ్యేసరికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నేను ఆ గుడ్డను ఆఫీసు కంప్యూటరు మీద కప్పాను. రాతి పొడి పడకుండా కప్పాను, అంతే. శనివారం సాయంత్రం మేస్త్రి రాళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాక గానీ గుడ్డ సంగతి గుర్తురాలేదు. తీసి చూస్తే పిండిలో దొర్లించినట్టుంది. బస్సుకు టైమైంది. మేస్త్రి షెడ్డులోకి వెళ్ళి ఒక ఖాళీ గోతం తెచ్చాడు. అతని బావమరిది మిర్చి రైతు. పంట గుంటూరు మిర్చి యార్డుకు తోలాక మిగిలిన గోతాలు మా షెడ్డులో పడుండేవి.

"దులిపాను లెండి సార్. గింజ కూడా లేదు" అన్నాడు.

నేనూ చూశాను. గింజ లేదు. వాసన కూడా లేదనుకున్నాను. మార్చి నెల. గుంటూరులో పుట్టి పెరిగినవాడికి మార్చి నెలలో మిరప ఘాటు ఒక వాసన కాదు, అది గాలి. బస్సు యార్డు దగ్గరికి వచ్చాక బయటూరివాళ్ళు తుమ్ముతారు. మేం కిటికీ కూడా వేసుకోం.

ఇంటికొచ్చేసరికి ఆమె చర్చిలో ఉంది. రాళ్ళు తీసి టబ్బులో పెట్టి, గోతం మెట్ల కింద పడేశాను. ఆమె వచ్చి వాటిని సబ్బుతో కడిగింది. స్పిరిట్‌తో తుడిచింది. ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. నా ముక్కు దగ్గరా పెట్టింది. "ఏమైనా వస్తోందా?" "లేదు" అన్నాను. అది అబద్ధం కాదు. నిజంగానే రాలేదు. ఆమెకూ రాలేదు. ఆమెదీ ఈ ఊరే.

పరీక్షలు మొదలైన మొదటి వారంలో, గురువారం, లోడింగు జరుగుతుండగా ఫోను చేసింది.

"ఏవండీ, ఒక మాట. గుండ్రటి రాళ్ళు దేంట్లో తెచ్చారు?"

"నువ్విచ్చిన గుడ్డలోనే. ఏం?"

"ఏం లేదు. వాటి దగ్గరికి పోవట్లేదు. మందు ఇచ్చినవీ పోవట్లేదు, ఇవ్వనివీ పోవట్లేదు. సరే, గుడ్డలోనే అయితే వాసన కాదు. ఆకారమేమో చూస్తాను" అని పెట్టేసింది.

నాకు ఆ క్షణంలో గోతం గుర్తొచ్చింది. గుర్తురాలేదని రాయడం తేలిక, కానీ వచ్చింది. లారీవాడు బిల్లు కోసం నిలబడి ఉన్నాడు. గుడ్డ పాడుచేశానని చెబితే మాట పడాలి. అందుకని అలా అన్నాను. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు. ఉంటే బాగుండేది.

ఆ శనివారం ఇంటికొచ్చాను. అదనంగా ఉన్న గుండ్రటి రాయి ఒకటి ఆమె బల్ల మీద ఉంది. ఆమె మేడ మీద బట్టలు ఆరేస్తోంది. రాయి తిరగేసి, గరుకు వైపు తడిచేసి నాలుక ఆనించాను. ముందేమీ లేదు. కాసేపటికి మంట. కొంచెమే. కానీ మంట. మనిషి నాలుకకే అంతుంటే ఎలుక ముక్కుకు ఎంతుండాలి?

అప్పటికి పరీక్షించినవి పదహారు ఎలుకలే. ఇంకా పదహారున్నాయి. రాళ్ళు మార్చి మిగతావైనా సరిగ్గా చేసుకునే వీలుంది. చెబుదామనే మేడ మెట్లెక్కాను. సగం మెట్ల దగ్గర ఆమె గొంతు వినబడింది. పక్క మేడ మీదావిడతో మాట్లాడుతోంది. ఆవిడ మొగుడు చెప్పేదొకటి, చేసేదొకటని ఆవిడ గోల. నా భార్య నవ్వుతూ, "మా ఆయన పలకడం తక్కువేనండీ. కానీ ఒక మాట చెబితే మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అంది.

నేను అక్కడి నుంచే కిందికి దిగాను.

ఇదీ నేను మూడుసార్లు పక్కనుంచి వెళ్ళిపోయిన విషయం.

ఆ తర్వాత జరిగింది త్వరగా చెబుతాను. సగం ఎలుకలకు గుండ్రటిది కొత్తది, సగానికి నలుచదరపుది కొత్తది. ఎటూ పక్షపాతం లేకుండా ఆమె అలా ఏర్పాటు చేసింది. ఏది కొత్తదైనా, ఏది పాతదైనా, ముప్పై రెండు ఎలుకలూ గుండ్రటిదానికి దూరంగానే ఉన్నాయి. లెక్క కడితే మందు ఇచ్చినవాటికీ ఇవ్వనివాటికీ తేడా లేదు. సెరటోనిన్ ఎంత తగ్గిందో చూడటానికి ఆ ఎలుకలను చంపి మెదడు తీయాలి. తీసింది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో అన్నం సరిగా తినలేదు. మళ్ళీ మొదటి నుంచి చేస్తానంటే, జంతువులకు అనుమతినిచ్చే కమిటీ ఇంకో ముప్పై రెండు ఇవ్వనంది. గైడు, "తేడా లేదని తేలడం కూడా ఫలితమేనమ్మా, రాసెయ్యండి" అన్నారు. రాసింది. థీసిస్ మూడో అధ్యాయంలో ఆ వాక్యం ఉంది: ఈ మోతాదులో గుర్తుపట్టే జ్ఞాపకంలో తేడా కనబడలేదు. కింద చిన్న అక్షరాల్లో, గుండ్రటి వస్తువులను ఎలుకలు దూరం పెట్టాయనీ, కారణం ఆకారం కావచ్చుననీ ఉంది. మిగతా అధ్యాయాలు వేరే పనుల మీద నడిపించింది. పట్టా వచ్చింది. ముందు పేజీలో గైడుకూ, కాలేజీకీ కృతజ్ఞతలు చెప్పి, "నా కోసం రాళ్ళు మోసిన నా భర్తకు" అని రాసింది. ఆ పేజీ తెచ్చి నాకు చూపించింది. బాగుందన్నాను.

ఆ ప్రశ్న జోలికి మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళాలని లేక కాదు. దారి మూసుకుపోయిందనుకుంది.

పట్టా వచ్చిన ఏడు ఒక ఆదివారం వాడరేవు సముద్రానికి వెళ్ళాం. ఎండుచేపలు ఆరబోసిన చోటు దాటుతూ, "మా ఎలకల్ని ఇక్కడ వదిలితే పిచ్చెక్కిపోతాయి" అంది. నీళ్ళలో పాదాలు పెట్టి నిలబడింది.  తర్వాత, "ఆ ముప్పై రెండూ ఊరికే పోయాయండీ. నేనేదో సరిగ్గా అడగలేదు. ఏంటో తెలీదు" అంది.

నేను నోరు తెరిచాను. "ఎండ ఎక్కువైంది, పోదామా" అన్నాను.

ఆమెలో నేను చూసిన ఒకే ఒక్క కొరత అది. తెలివైనదాన్ని కాదేమోనన్న అనుమానం. అంతకుముందు ఆమెకు లేదు. పాఠం చెప్పేటప్పుడు కూడా ఆ పరీక్ష దగ్గరికి వస్తే, "దీన్ని నాకన్నా బాగా చేసినవాళ్ళున్నారు, వాళ్ళవి చదవండి" అనేదట. ఆమె విద్యార్థులే చెప్పారు. నేను రిటైరయ్యాక ఈ రెండేళ్ళూ ప్రతి సాయంత్రం మేడ మీద ఎదురెదురుగా కూర్చుని టీ తాగాం. చెప్పడానికి ఒక్క సాయంత్రం చాలు. తిట్టేది. రెండు రోజులు మాట్లాడేది కాదు. మూడో రోజు కాగితం, పెన్ను తీసుకుని కూర్చునేది. నాకది తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఆమె ఎప్పుడూ ఉంటుందన్నట్టు ఊరుకున్నాను.

మొన్న బుధవారం ఒకావిడ వచ్చింది. నా భార్య దగ్గర చదువుకుని, ఇప్పుడు అదే కాలేజీలో పాఠం చెబుతోంది. కాలేజీలో అందరూ చిన్న మేడమ్ అంటారట. జ్ఞాపకార్థ కూడికకు రాలేకపోయానని చెప్పుకుంది. ఫొటో ముందు కాసేపు నిలబడింది. వచ్చి కూర్చున్నాక తన పని గురించి చెప్పింది.

"మేడమ్ వదిలేసిన చోటి నుంచే మొదలుపెడుతున్నాను సార్. అదే సెరటోనిన్, అదే పరీక్ష. కమిటీ ఒప్పుకుంది. సోమవారం మొదటి డోసు."

"అదే మోతాదా అమ్మా?"

"కాదు సార్. ఆ మోతాదులో తేడా రాలేదని మేడమ్ తేల్చేశారుగా. అందుకని రెట్టింపుతో పోతున్నాను."

ఆ మందు ఎక్కువైతే ఏమవుతుందో నా భార్య ఒకసారి నాకు చెప్పింది. ఎలుకలు నిద్రపోవు. ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. అందుకే తను తక్కువ మోతాదు ఎంచుకుంది. దానికోసం కమిటీలో వాదించింది కూడా.

"తగ్గించి చూడకూడదా?" అన్నాను.

ఆవిడ చిన్నగా నవ్వింది. "మేడమ్ చేశాక మళ్ళీ అదే చెయ్యడం దేనికి సార్? మేడమ్ లెక్క తప్పదు."

టీ ఇచ్చాను. తాగింది. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "ఏదైనా అవసరమైతే ఫోన్ చెయ్యండి సార్" అంది. నేను గేటు దాకా వెళ్ళాను. గేటు వేసి వచ్చాను. ఆరోజు కూడా చెప్పలేదు.

నిన్న మా అమ్మాయికి ఫోను చేసి అంతా చెప్పాను. మొదటిసారి ఒక మనిషితో చెప్పడం. 

"ఇప్పుడెందుకు నాన్నా?" అంది. "అమ్మ థీసిస్‌లో తప్పుందని నువ్వే చెప్తావా? అమ్మ పేరు ఏమవుద్ది? ఇన్నేళ్ళ తర్వాత ఆ ఎలకల సంగతి ఎవరిక్కావాలి?"

"మీ అమ్మకి" అన్నాను.

అది ఏడ్చింది. నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి, "అమ్మ రాసిన దాంట్లో తప్పు లేదు గదా. తప్పు నీది. ఆ మాట అలాగే చెప్పు" అంది. అలాగేనన్నాను.

చిన్న మేడమ్ వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి ఈ రెండు రోజులూ దీని గురించే ఆలోచించాను. ఇది చదివేవాళ్ళలో ఆమె విద్యార్థులుంటారు, తోటి అధ్యాపకులుంటారు. మీరు ఒకటి గమనించాలి. ఎలుకలు గుండ్రటి రాయికి దూరంగా ఉన్నాయని మొదటి వారంలోనే కనిపెట్టింది ఆమె. వాసన కావచ్చని అనుమానించింది ఆమె. సరైన మనిషిని సరైన ప్రశ్న అడిగింది కూడా. ఆమె అడిగిన తీరులో ఏ తప్పూ లేదు. జవాబు చెప్పినవాడు అబద్ధం చెప్పాడు. ఆ మోతాదులో సెరటోనిన్ తగ్గితే గుర్తుపట్టే శక్తి తగ్గుతుందో లేదో నాకు తెలీదు. ఆమెకూ తెలియకుండానే పోయింది. నా వల్ల పోయింది.

నేను ఎంత కావాలనుకున్నా, ఆమె తనను తాను తక్కువ చేసుకున్న ఆ సంవత్సరాలు వెనక్కి రావు. ఆ ముప్పై రెండు రావు. ఇప్పుడు పంజరాల్లో ఉన్నవాటి సంగతి ఇంకా తేలలేదు.

ఈ సంచిక అచ్చయి వచ్చేసరికి రెండు నెలలు పడుతుందట. సోమవారమే మొదటి డోసు కాబట్టి అంతదాకా ఆగడానికి లేదు. పైగా ఇలాంటిది ఆవిడ అచ్చులో చదివి తెలుసుకోకూడదు. ఇవాళ శుక్రవారం. ఫోనులో చెప్పేయొచ్చు. ఫోనులో నేను ఎలా మాట్లాడతానో నాకు తెలుసు.

రేపు శనివారం. కాలేజీ తొమ్మిదింటికి తెరుస్తారు. నేను ఎనిమిదిన్నరకే గేటు దగ్గర ఉంటాను. చిన్న మేడమ్ బండి ఆపి దిగగానే, ఈ కాగితాలు చేతికిచ్చి చదువుకోమనను. ఆవిడకు ఎదురుగా నిలబడి, నోటితో చెబుతాను. ముందు గోతం సంగతి, తర్వాత నేను ఫోనులో అన్న మాట.